పదవి దిగినవారి రచయిత – ఫ్రెడరిక్ డ్యూరెన్‌మాట్

పదవీ విరమణ చేసిన ఉద్యోగులు కథల్లో సాధారణంగా ఒక మూల పడక కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటారు. అలాంటి వారిని నడిమధ్యకు తెచ్చి, చేతికి న్యాయత్రాసు ఇచ్చిన రచయిత ఒకరున్నారు. ఆయన స్విట్జర్లాండ్ దేశీయుడు, జర్మన్ భాషలో నాటకాలు, నవలలు వ్రాసిన ఫ్రెడరిక్ డ్యూరెన్‌మాట్. సభ్యులకు ఆయనను పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డ్యూరెన్‌మాట్ 1921 జనవరి 5న బెర్న్ రాష్ట్రంలోని కోనోల్ఫింగెన్ గ్రామంలో జన్మించారు. తండ్రి ప్రొటెస్టెంట్ మతగురువు. తాతగారు ఉల్రిక్ పత్రికా సంపాదకుడు, రాజకీయవాది. వ్యంగ్య పద్యం వ్రాసి జైలుకు వెళ్ళిన మనిషి. మనుమడికి తండ్రి భక్తి అంతగా అబ్బలేదు గాని తాతగారి వ్యంగ్యం మాత్రం పూర్తిగా అబ్బింది. కుటుంబం 1935లో బెర్న్ నగరానికి మారింది. విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు గాని, 1946లో చదువు మధ్యలోనే మానేశారు. చిత్రకారుడు కావాలా, రచయిత కావాలా అని తటపటాయించి చివరకు కలం పట్టారు. కుంచెను మాత్రం జీవితాంతం వదలలేదు. అదే సంవత్సరం లోటీ గైస్లర్ అనే నటిని వివాహమాడారు.

1947లో జ్యూరిచ్‌లో ప్రదర్శించిన తొలి నాటకానికి ప్రేక్షకుల నుంచి ఈలలు, అరుపులు ఎదురయ్యాయి. పేరు వచ్చింది గాని డబ్బు రాలేదు. పెరుగుతున్న సంసారం ఒకవైపు, మధుమేహం మరొకవైపు. ఇల్లు గడవడం కోసం ఒక పత్రికకు డిటెక్టివ్ నవలను ధారావాహికగా వ్రాయడానికి ఒప్పుకున్నారు. 1950–51లో వచ్చిన ఆ నవలే ‘న్యాయమూర్తి, అతని తలారి’. అందులో బేర్లాఖ్ అనే పోలీసు అధికారి సర్వీసు చివరి రోజుల్లో ఉంటాడు, పైగా ప్రాణాంతకమైన జబ్బు. నలభై ఏళ్ళుగా తప్పించుకు తిరుగుతున్న నేరస్థుడిని, అతడు చేసిన నేరాలకు పట్టుకోలేక, చేయని నేరంలో ఇరికించి శిక్షిస్తాడు. ఇది న్యాయమేనా? రచయిత జవాబు చెప్పరు. ఆ ప్రశ్నను మన ఒడిలో పెట్టి వెళ్ళిపోతారు.

1956లో వచ్చిన ‘బ్రేక్‌డౌన్’ అనే కథ మన బోటివారికి మరీ దగ్గరిది. కారు చెడిపోయి ఒక బట్టల వ్యాపార ప్రతినిధి పల్లెటూరి ఇంట్లో రాత్రి బస చేస్తాడు. ఆ ఇంటి పెద్ద రిటైరైన జడ్జి. రిటైరైన ప్రాసిక్యూటరు, రిటైరైన డిఫెన్సు లాయరు, రిటైరైన తలారి ఆయన మిత్రులు. విందు భోజనం చేస్తూ కోర్టు ఆట ఆడుకోవడం వారి కాలక్షేపం. అతిథి నవ్వుతూ ముద్దాయి పాత్ర వేస్తాడు. తెల్లవారేసరికి తన పై అధికారి మరణంలో తన పాపం ఎంతో అతడికే తెలిసిపోతుంది, ఉరి వేసుకుంటాడు. ముసలివాళ్ళ ఆట ముగిసింది గాని ఒక ప్రాణం పోయింది. చట్టం పట్టించుకోని నేరాలు మనిషి లోపలి కచేరీలో విచారణకు వస్తాయని రచయిత చెప్పిన తీరు ఇది.

అదే ఏడాది జనవరి 29న జ్యూరిచ్‌లో మొదటిసారి ఆడిన ‘వృద్ధ మహిళ రాక’ ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. యౌవనంలో మోసపోయి ఊరు విడిచిన క్లేర్, కోటీశ్వరురాలై తిరిగి వస్తుంది. దివాలా తీసిన ఆ ఊరికి వంద కోట్లు ఇస్తానంటుంది. షరతు ఒక్కటే: తనను మోసగించిన ఇల్ అనే దుకాణదారును చంపాలి. మేయరు ఆత్మగౌరవంతో తిరస్కరిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. మర్నాటి నుంచి అందరూ కొత్త పసుపుపచ్చ బూట్లు కొంటారు, ఖాతాలో వ్రాసుకోమంటారు. ఇల్ దుకాణంలోనూ అరువు బేరమే! అప్పు తీరే దారి ఒక్కటేనని అతడికి అర్థమవుతుంది. చివరకు ఊరంతా సభ పెట్టి, చేతులెత్తి, న్యాయం పేరుతోనే అతడిని చంపుతుంది. గుండెపోటు అని డాక్టరు ధ్రువీకరిస్తాడు. మేయరు, పోలీసు, పంతులు, డాక్టరు – అందరూ నిబంధనల ప్రకారమే నడిచారు. ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి ఫైళ్ళపై సంతకాలు చేసిన మనకు ఈ నాటకం గుచ్చుకుంటుంది.

1962లో వచ్చిన ‘భౌతిక శాస్త్రవేత్తలు’లో తన ఆవిష్కరణ లోకానికి ప్రమాదమని భయపడిన ఒక శాస్త్రజ్ఞుడు పిచ్చివాడిగా నటించి ఆస్పత్రిలో దాక్కుంటాడు. కాగితాలు తగులబెట్టినా లాభం లేకపోతుంది. వాటి నకళ్ళు అప్పటికే ఆస్పత్రి యజమానురాలి చేతికి చిక్కాయి. అసలు పిచ్చి ఆమెకే.

1952 నుంచి ఆయన న్యూషాటెల్‌లోనే నివసించారు. 1983లో లోటీ మరణించింది. మరుసటి ఏడు చలనచిత్ర దర్శకురాలు షార్లోట్ కెర్‌ను పెళ్ళాడారు. 1990 నవంబరులో చెకొస్లొవేకియా అధ్యక్షుడు హావెల్ సన్మాన సభలో మాట్లాడుతూ, తన దేశాన్ని జైలుతో పోల్చి, అందులో ఖైదీలూ కాపలాదారులూ ప్రజలేనన్నారు. పెద్దలు నొచ్చుకున్నారు. డిసెంబరు 14న, డెబ్బైవ పుట్టినరోజుకు మూడు వారాల ముందు, గుండె జబ్బుతో కన్నుమూశారు.

అంతగా విమర్శించిన దేశానికే తన వ్రాతప్రతులన్నీ ఇచ్చి వెళ్ళారు. జాతీయ సాహిత్య భాండాగారం ఏర్పాటు చేయాలన్నది ఆయన పెట్టిన షరతు. 1991లో బెర్న్‌లో అది ప్రారంభమైంది. న్యూషాటెల్‌లోని ఆయన ఇంటి ఆవరణలో 2000లో ఆయన చిత్రాలకు ప్రదర్శనశాల వెలిసింది.

ఉద్యోగానికి విరమణ తేదీ ఉంటుంది, మనస్సాక్షికి ఉండదు. ఆయన ముసలి జడ్జీలు, పోలీసులు మనకు గుర్తు చేసేది ఇదే. మనుమలకు మన సర్వీసు కబుర్లు చెప్పేటప్పుడు, చేసిన మంచి సంతకాలతో పాటు చేయడానికి నిరాకరించిన సంతకాలను గురించి కూడా చెబుదాం.