నట్టల మందులు - నాడూ నేడూ



కడుపులో పురుగులు పడితే మనం 'నట్టలు' అంటాం. పక్కింటి మరాఠీవాళ్లు 'జంత్' అంటారు. కొంతం చౌక్‌లో రెండు మాటలూ వినిపిస్తాయి. వాటి మందులకూ రెండేసి పేర్లున్నాయి. మన వాయువిడంగాలే వాళ్ల వావడింగ. మన మోదుగ గింజలే వాళ్ల పళసపాపడి. తెలంగాణ పల్లెల నుంచి నేతపని కోసం షోలాపూర్ చేరిన మన పెద్దలకు ఇక్కడ మందు పేరే కొత్త, మందు కొత్త కాదు.

ఈ మందులు చాలా పాతవి. చరక సంహిత క్రిములను ఇరవై రకాలుగా లెక్కించింది. క్రిములను చంపే మందులన్నిటిలో విడంగమే మేలైనదని చెప్పింది.

ఇక దానిమ్మ సంగతి వినండి. షోలాపూర్ జిల్లా దానిమ్మకు పేరుపొందింది. జాతీయ దానిమ్మ పరిశోధనా కేంద్రం 2005లో ఇక్కడే ఏర్పడింది. మనం పండు తింటాం, వైద్యులు మాత్రం వేరు బెరడు మీద దృష్టి పెట్టారు. దాని కషాయం బద్దెపురుగుకు మందని మన దేశంలోనూ, ప్రాచీన రోములోనూ తెలుసు. 1878లో ఫ్రాన్సుకు చెందిన తాన్రే అనే శాస్త్రజ్ఞుడు ఆ బెరడులోని సారాన్ని వేరుచేసి పెల్లెటియరిన్ అని పేరు పెట్టాడు. అంటే పెద్దలది వట్టి నమ్మకం కాదన్నమాట.

అయితే ఒక చిక్కుంది. ఏ చెట్టు బెరడులో ఆ సారం ఎంత ఉందో కంటికి తెలియదు. మోతాదు మించితే తల తిరుగుతుంది, వాంతులవుతాయి, చూపు మసకబారుతుంది. కాబట్టి తల్లులారా, ఆ కషాయం ఇంట్లో కాచి పిల్లలకు పట్టకండి.

నేడు అంతకంటే సులువైన దారి ఉంది. 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఏడాది మొదలు పందొమ్మిదేళ్ల వయసు వరకు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు సగం మాత్రే. ఆ రోజు పిల్లలను బడి మాన్పించకండి.

మాత్రతోనే పని తీరిందా? చరకుడు క్రిమిచికిత్సకు మూడు మెట్లు చెప్పాడు. ఉన్న క్రిములను బయటకు లాగడం, అవి పెరగలేని స్థితి కల్పించడం, అవి వచ్చే కారణాన్ని తొలగించడం. మూలికైనా మాత్రయినా మొదటి రెండు మెట్లే ఎక్కిస్తుంది. మూడోది మన చేతిలో ఉంది. ఆరుబయట మలవిసర్జన చేస్తే గుడ్లు మట్టిలో చేరతాయి. కడగని చేతుల ద్వారా, కూరగాయల ద్వారా అవి తిరిగి కడుపులోకి వస్తాయి. కొంకిపురుగు పిల్లలైతే చెప్పుల్లేని పాదంలోంచే దూరతాయి. ఆపైన పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. నేసే చేతికీ, బీడీలు చుట్టే చేతికీ ఆ రక్తమే కదా బలం!

పెద్దల మందు పేర్లు రెండు భాషల్లోనూ పిల్లలకు చెప్పండి. దానితోపాటు సబ్బు, చెప్పులు, మరుగుదొడ్డి కూడా అలవాటు చేయండి.