కుప్ప ఉండగానే

గరివిడి దాటి మెరక పొలాల్లోకి వచ్చాం. శివరాత్రి వెళ్లి పక్షమైనా కాలేదు, చెరువు గర్భం అప్పుడే నెర్రెలిచ్చింది. నాగావళి, వంశధార పారే సీమలో కరువేమిటని అడక్కండి. కాలవ అందని ఊళ్లకు చెరువే దిక్కు. అది నిండకపోతే వరి లేదు, వరి లేకపోతే గడ్డీ లేదు.

ఈ కల్లంలో చూడండి. గడ్డికుప్ప ఈసారి నడుమెత్తుకు మించలేదు. రాటలకు రెండావులు, ఒక గేదె, ఓ లేగదూడ. ఆవుల డొక్కలు లోపలికి పోయాయి.

"మానాపురం సంతకి తోలేద్దుమని మా పెద్దోడంతన్నాడు," అంటోంది మామ్మ.

పశువుల డాక్టరు గారు మాట్లాడకుండా డ్రమ్ములో కర్రతో కలుపుతున్నారు. 50 లీటర్ల నీళ్లు, 4 కిలోల యూరియా. 100 కిలోల ఎండుగడ్డికి అదీ లెక్క. గడ్డిని పొరగా పరిచి, నీళ్లు సమంగా చల్లి, ఇద్దరు కుర్రాళ్లు ఎక్కి తొక్కుతున్నారు. మళ్లీ పొర, మళ్లీ తొక్కుడు. లోపల గాలి మిగలకూడదు. పైన టార్పాలిన్ కప్పి, అంచుల మీద మట్టి పెడితే 21 రోజులు ఎవరూ కదపకూడదు. యూరియా విరిగి అమ్మోనియాగా మారి పీచును మెత్తబరుస్తుంది. 3, 4 శాతం మాంసకృత్తులుండే గడ్డి 7, 8 శాతానికి చేరుతుంది. పచ్చిమేత దొరకని నెలల్లో పాడిపశువు ఎముకలగూడు కాకుండా నిలబెట్టేది ఇదే.

ఇది దశాబ్దాలుగా చెబుతున్న పద్ధతే. చెప్పే సమయమే తప్పుతోంది. మే నెలలో దాణా లారీ వచ్చేసరికి ఆవు సంతలో చేయి మారిపోయి ఉంటుంది. సగం ధరకు అమ్మిన ఆవును వానలు పడ్డాక ఆ ధరకు ఎవరిస్తారు? సాయం కుప్ప ఉండగానే కల్లానికి రావాలి.

"యూరియా తింటే పశువు సచ్చిపోదేటి బాబూ?"

అడగాల్సిన మాటే అడిగింది. విడిగా యూరియా నాకినా, ఈ డ్రమ్ములో నీళ్లు తాగినా ప్రాణం మీదికొస్తుంది. అందుకే డాక్టరు గారు ముందు డ్రమ్ము కడిగించి బోర్లింపించారు. కప్పు తీశాక ఆ పూటకు కావలసిన గడ్డిని గంటసేపు గాలికి ఆరబెట్టాలి, మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయాలి.

"మరి దూడకో?"

"ఆరు నెలలు నిండేదాకా వద్దు మామ్మా."

ఆమె మనవణ్ణి కేకేసి, ఇంకా తడపని నాలుగు మోపులు తీయించి చూరు కిందకి చేర్పించింది.