ఎన్నిసార్లు ఆన్ చేశారు సార్?

2011లో ఒక ఆదివారం పొద్దున్నే నా లాప్‌టాప్ "టిక్.. టిక్.. టిక్.." అనటం మొదలెట్టింది. ముందు గోడ గడియారం అనుకున్నా. అది ఆగిపోయి ఆర్నెల్లయిందని మా ఆవిడ గుర్తు చేసింది.

తెర మొత్తం నలుపు, మధ్యలో ఆపరేటింగ్ సిస్టమ్ కనపడలేదని ఒక లైను. అప్పుడు నేనేం చేశానో మీలో సగం మంది చెప్పగలరు. ఆపి మళ్ళీ ఆన్ చేశా. మళ్ళీ ఆపి, మళ్ళీ. బాటరీ పీకి, పెట్టి, మళ్ళీ. పదోసారికో పదకొండోసారికో విండోస్ లేచింది. హమ్మయ్య అనుకుని, ఉన్న ఫైళ్ళు కాపీ చేసుకోవటం మానేసి చెక్‌డిస్క్ పెట్టి టిఫిన్ తినటానికి వెళ్ళా. వచ్చేసరికి మళ్ళీ అదే టిక్ టిక్. అన్నట్టు ఆ రోజుల్లో నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? క్లయింటు సర్వర్లకి బాకప్ స్క్రిప్టులు రాయటం :)

ఆ 160 జీబీల్లో పోతే పోయేవే ఎక్కువ. సినిమాలు, పాటలు, టాక్సు కాయితాలు, ఎప్పటికీ చదవని పీడీఎఫ్‌లు. పోకూడనివి ఏడు ఫైళ్ళు. 2009 సంక్రాంతికి దివిసీమలో మా ఊరు వెళ్ళినప్పుడు మా నాయనమ్మ చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకున్నవి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన గురించి ఆవిడ అంత వివరంగా చెప్పటం అదే మొదటిసారి, అదే చివరిసారి. 2010లో ఆవిడ పోయింది. ఫోన్‌లో జాగా చాలటం లేదని ఫైళ్ళు లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోవి తుడిపేశా. సీడీలో రాద్దాం, రాద్దాం అనుకుంటూనే రెండేళ్ళు గడిచిపోయాయి.

ఇక గూగుల్ మీద పడ్డా. దొరికిన సలహాల్లో అందరూ ముక్తకంఠంతో చెప్పింది, డిస్కుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్లో పెట్టమని. ఐస్‌ట్రే పక్కన జాగా కూడా చూసుకున్నా. నా అదృష్టం, ఆ పని చేసేలోపు ఆఫీసులో ఒక మిత్రుడు ఆపి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళమన్నాడు.

సీటీసీలో ఒక ఇరుకు కొట్టు. పాతికేళ్ళు కూడా నిండని కుర్రాడు. డిస్కు చేతిలోకి తీసుకుని, ఏ కంపెనీ అనిగానీ, అందులో ఏముందనిగానీ అడగలేదు. "ఎన్నిసార్లు ఆన్ చేశారు సార్?" అన్నాడు.

"ఓ రెండు మూడు సార్లు" అని అబద్ధమాడా. నవ్వాడు. "బూట్ చేసినప్పుడల్లా విండోస్ హెడ్డుని వంద చోట్లకి ఉరికిస్తది సార్. ఉరికినప్పుడల్లా గీకుతది."

ఆ ఒక్క మాట పట్టుకుని తర్వాత నేను చదువుకున్నదంతా మీకు చెప్పాలని ఉంది. హార్డ్ డిస్కు చరిత్ర అనగానే మనం జీబీలు, టీబీలు అంటాం. నిజానికి అది ఒక సందు చరిత్ర. పళ్ళేనికీ హెడ్డుకీ మధ్య ఉండే సందు.

మొట్టమొదటి హార్డ్ డిస్కు ఐబీఎమ్ వాళ్ళు 1956లో ప్రకటించిన ర్యామాక్. కాలిఫోర్నియాలోని శాన్ హోజేలో రేనాల్డ్ జాన్సన్ అనే ఆయన నడిపిన ప్రయోగశాలలో పుట్టింది. ఈయన అంతకుముందు హైస్కూల్లో సైన్సు మాస్టారు. పరీక్ష పేపర్లు దిద్దే యంత్రం కనిపెట్టి ఐబీఎమ్‌లో చేరాడు. ర్యామాక్‌లో 24 అంగుళాల పళ్ళాలు 50 ఉండేవి, బరువు టన్ను పైమాటే. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు! ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక ఫొటో అందులో పడితే ఇంకోదానికి జాగా ఉంటుందో లేదో. పళ్ళెం మీద అయస్కాంత పూత ఎలా పూసేవారంటే, దాన్ని గిరగిరా తిప్పుతూ మధ్యలో ఇనుప ఆక్సైడు కలిపిన పెయింటు పోసేవారు. మన అట్లపెనం మీద పిండి పోసి గరిటెతో తిప్పుతాం, వాళ్ళు పెనాన్నే తిప్పారన్నమాట.

అందులో హెడ్డుకీ పళ్ళేనికీ మధ్య సందు దాదాపు 20 మైక్రాన్లు. ఆ సందు నిలబడటానికి కంప్రెసర్ పెట్టి గాలి ఊదేవారు. 1961లో ప్రకటించిన 1301 మోడల్‌కి వచ్చేసరికి కంప్రెసర్ పోయింది. తిరిగే పళ్ళెం తనతోపాటు లాక్కొచ్చే గాలి మీదే హెడ్డు తేలటం నేర్చుకుంది. 1973లో వించెస్టర్ వచ్చింది. 30 ఎమ్బీ, 30 ఎమ్బీ అనుకున్నారు కాబట్టి 30-30 తుపాకీ పేరు మీద ఆ ముద్దుపేరు. మన డిస్కులన్నిటికీ ముత్తాత అదే. పళ్ళాలూ హెడ్లూ కలిపి ఒకే పెట్టెలో మూసేశారు. కరెంటు తీస్తే హెడ్డు మెల్లగా పళ్ళెం మీదే దిగేది, అందుకని పళ్ళేనికి పల్చగా నూనె రాశారు.

ఫ్రీజర్ సలహా మూలం ఈ నూనె దగ్గర దొరికిందని నా అభిప్రాయం. 1980ల చివర్లో డిస్కులు ఇంకా నునుపు తేలాక, ఆగినప్పుడు దిగిన హెడ్డు పళ్ళేనికి అతుక్కుపోయేది. రెండు తడి గాజు పలకలు అతుక్కున్నట్టు. మోటారు దాన్ని విడదీయలేకపోయేది. అప్పట్లో డిస్కుని పక్కనుంచి ఒక దెబ్బ కొట్టో, చటుక్కున మెలితిప్పినట్టు కదిపో, చల్లబరిచో లేపేవారు. లేచేది కూడా! రోగం మారినా వైద్యం మాత్రం ఇరవై ఏళ్ళపాటు నోటి మాటగా తిరుగుతూనే ఉంది. నా లాప్‌టాప్ కాలానికి హెడ్డు పళ్ళెం మీద దిగదు, పక్కనున్న చిన్న ర్యాంపు ఎక్కి కూర్చుంటుంది. అలాంటి డిస్కుని ఫ్రీజర్లో పెట్టి తీస్తే జరిగేదల్లా లోపల మంచు చెమర్చటమే. డిస్కు లోపల శూన్యం ఉంటుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. మామూలు డిస్కుల్లో ఉండేది గాలే. హెడ్డు తేలాలంటే గాలి కావాలిగా. మూత మీద "ఈ రంధ్రం మూయొద్దు" అని రాసి ఉంటుంది చూడండి, గాలి ఒత్తిడి సమం కావటానికే అది.

1980లో సీగేట్ 5 ఎమ్బీ డిస్కుతో ఇది మైక్రోకంప్యూటర్లలోకి వచ్చింది. 1988లో ప్రెయిరీటెక్ అనే కంపెనీ రెండున్నర అంగుళాల డిస్కు చేసింది, 20 ఎమ్బీ. లాప్‌టాప్ డిస్కు సైజు అక్కడ స్థిరపడింది. అదే 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టారు. అతి పల్చని లోహపు పొరల్లో విద్యుత్ నిరోధం చిన్న అయస్కాంత క్షేత్రానికే బాగా మారిపోతుందని. 1997కల్లా ఐబీఎమ్ దాన్ని డిస్కు హెడ్డులో పెట్టేసింది. 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇక బిట్లు చిక్కబడిపోయాయి. ర్యామాక్‌లో చదరపు అంగుళానికి 2,000 బిట్లు. నా 160 జీబీ డిస్కు కాలానికి పదివేల కోట్ల పైచిలుకు.

చిక్కబడ్డ బిట్లు చదవాలంటే దగ్గరికి వెళ్ళాలి. 20 మైక్రాన్ల సందు నా డిస్కుకి వచ్చేసరికి 10 నానోమీటర్ల ప్రాంతానికి దిగింది, అంటే రెండువేల వంతు. పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటే దాని అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. విజయవాడ రోడ్డు మీద ఆర్టీసీ బస్సంత వేగం! ఆ వేగంలో వెంట్రుక మందంలో కొన్నివేలవ వంతు ఎత్తున హెడ్డు ఎగరాలి. దాన్ని మనం ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటాం. నిజానికి ఆశ్చర్యపోవాల్సింది డిస్కు పోయినందుకు కాదు, మూడేళ్ళు నడిచినందుకు.

ఆ టిక్ టిక్ సంగతి కూడా ఇదే. పళ్ళెం మీద దారి చూపించే గుర్తులు ముందే రాసి ఉంటాయి. హెడ్డు వాటిని చదవలేకపోతే దారి తప్పి వెనక్కి వచ్చి అడ్డానికి కొట్టుకుంటుంది, మళ్ళీ వెళుతుంది, మళ్ళీ కొట్టుకుంటుంది. బాగున్నంతకాలం గాలిలో తేలినది, దెబ్బతిన్నాక గీకటం మొదలెడుతుంది. అది గీకి లేపే పొడి అదే సందులో పడి ఇంకోచోట గీకుతుంది. డేటా ఇంకా అక్కడే ఉంది. ఆన్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం పోతుంది. పోగొడుతున్నది నేను.

ఇది నాకు పూర్తిగా తలకెక్కింది కొలంబియా డిస్కు కథ చదివాక. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురితో వస్తున్న కొలంబియా నౌక టెక్సస్ మీద ముక్కలైపోయింది. అందులో జెనాన్ వాయువు చిక్కదనం మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 340 ఎమ్బీల సీగేట్ డిస్కులో ఉన్నాయి. కొంత భాగమే రేడియోలో భూమికి చేరింది. ఆర్నెల్ల తర్వాత ఆ డిస్కు ఒక ఎండిన చెరువు అడుగున దొరికింది, మాడిపోయి, మట్టి నిండిపోయి. మినియాపోలిస్‌లో క్రోల్ ఆన్‌ట్రాక్ ఇంజనీర్లు పళ్ళాలు తీసి, కడిగి, ఇంకో డిస్కులో బిగించి 99 శాతం డేటా బయటికి తీశారు. 2008లో ఆ ప్రయోగం ఫలితాలు ఫిజికల్ రివ్యూ ఇ పత్రికలో వచ్చాయి. అదే నౌకలోని మరో రెండు డిస్కుల్లోంచి మాత్రం ఏమీ రాలేదు. అదృష్టం లేదనను. కానీ ఈ డిస్కు పళ్ళాలు వంగలేదు. ఆ కంప్యూటర్ డాస్ మీద నడిచేది కాబట్టి డేటా చెల్లాచెదురు కాకుండా ఒకే చోట ఉంది. ఇంకా, దాన్ని ఎవరూ పదకొండుసార్లు ఆన్ చెయ్యలేదు.

ఆకాశంలోంచి పడి ఆర్నెల్లు చెరువులో ఉన్న డిస్కు 99 శాతం. టేబుల్ మీద నుంచి కదలని నా డిస్కు ఎంతో కింద చెబుతా.

ముందుగా హెచ్చరించే ఏర్పాటు లేదా అంటారేమో. స్మార్ట్ అని ఉంది. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనపడ్డాక 60 రోజుల్లో డిస్కు పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. బానే ఉంది. కానీ పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత తప్ప మిగతా స్మార్ట్ లెక్కలన్నీ సున్నాలే. చడీచప్పుడు లేకుండా పోయాయన్నమాట.

సరే, మా సీటీసీ కుర్రాడి దగ్గరికొస్తా. అదే మోడల్ డిస్కు కొని బోర్డు మారిస్తే సరిపోదా అని తెలివి ప్రదర్శించా. "ఆ రోజులు పోయినయ్ సార్" అన్నాడు. ఏ డిస్కుకి ఆ డిస్కు సర్దుబాట్లు బోర్డు మీది చిప్‌లో రాసి ఉంటాయి, పక్క డిస్కు బోర్డుకి ఈ హెడ్లు అర్థం కావు. తను చేసింది వేరే. విండోస్ జోలికి పోకుండా, లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం పెట్టాడు. అది మొండికేసిన చోట కూర్చోదు. చదవగలిగినంత ముందు చదివేసి, రానివాటిని ఒక ఫైల్లో రాసుకుని, చివర్లో వాటి దగ్గరికి మెల్లగా వెళుతుంది. నాలుగు రోజులు నడిచింది. రోజూ ఆఫీసు నుంచి ఫోన్ చేసేవాణ్ణి. "తాగుతుంది సార్, చుక్క చుక్క తాగుతుంది" అనేవాడు. దాదాపు 3 జీబీ తప్ప అంతా వచ్చింది.

98 శాతం! ఎగిరి గంతేశా. కానీ ఆ రాని భాగంలోనే ఫైళ్ళ పేర్ల పట్టిక చాలామటుకు ఉంది. మిగిలినదాన్ని నా చెక్‌డిస్క్ అప్పటికే "బాగుచేసి" పెట్టింది. డాస్ రోజుల్లో ఫైలు తీసేస్తే పేరులో మొదటి అక్షరం మాత్రమే మారేది. 1982లో పీటర్ నార్టన్ అన్‌ఇరేజ్ పని చేసిందంతా ఆ కిటుకు మీదే, ఆ అక్షరం మనం గుర్తుచేస్తే చాలు. నాకు మొత్తం పేర్లే లేవు. ఫోటోరెక్ అనే ప్రోగ్రాంతో ఫైలు మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి ఒక్కోటీ వెతికించాం. వచ్చిన ప్రతి ఫైలు పేరూ ఎఫ్ అనే అక్షరం, దాని వెనక ఒక బారెడు అంకె. ఇది కూడా ముక్కలుగా ఉన్న ఫైలుని సరిగా అతికించలేదు.

ఇప్పుడైతే ఆ కుర్రాడు కూడా ఏం చెయ్యగలడో తెలీదు. ఎస్ఎస్‌డీలో గీకే హెడ్డే లేదు, నిజమే. 2009లో విండోస్ 7తో ట్రిమ్ వచ్చింది. మనం తుడిపేసిన ఫైలు తాలూకు జాగాని ఎస్ఎస్‌డీ తీరిగ్గా తనే శుభ్రం చేసుకుంటుంది, తవ్వటానికి ఏమీ మిగలదు. దానికి తోడు చాలా లాప్‌టాప్‌లు డేటాని ఎన్‌క్రిప్ట్ చేసేస్తున్నాయి. బోర్డుతో పాటు తాళంచెవి పోతే అంతే సంగతులు. భద్రత కోసం మంచిదే, కాదనను. నాకు మాత్రం నాలుగు రోజులు చుక్క చుక్క తాగించిన ఆ అవకాశం గుర్తొస్తుంది.

ఫోన్ రికార్డింగులు ఏఎమ్మార్ ఫైళ్ళు కాబట్టి పాటల మధ్య వెతికే బాధ తప్పింది. నలభై దాకా వచ్చాయి. ఒక రాత్రంతా కూర్చుని ఒక్కోటీ విన్నా. చాలావరకు నేనే, మీటింగుల్లో పొరపాటున నొక్కినవి. ఏడింటిలో ఐదు దొరికాయి. నాలుగు పూర్తిగా ఉన్నాయి. నీళ్ళు రావటం, తాడిచెట్టుకు కట్టేసుకున్న వాళ్ళు, తెల్లారాక ఊరు ఆనవాలు పట్టలేకపోవటం.

ఐదోది మా వీధిలో పోయినవాళ్ళ పేర్లు. మొదటింటి దగ్గర్నుంచి వరసగా చెప్పుకుంటూ వచ్చింది. "రాసుకుంటున్నావుట్రా?" అని అడిగింది. "రికార్డవుతోందిలే నాయనమ్మా" అన్నాను. పదకొండు పేర్లు చెప్పాక, గుడి పక్కింటి కోడలు, అని పేరు చెప్పబోతుండగా గరగరమని ఆగిపోయింది. ఆ రోజు ఆవిడ చెప్పినవి ఇరవైకి పైనే, నాకు బాగా గుర్తు. నాన్నని అడిగితే ఇంకో నాలుగు చెప్పారు. గుడి పక్కింటి కోడలి పేరు ఆయనకీ తెలీదు.