లెక్కలోకి వచ్చిన ఇళ్లు

ముంబై బైకుల్లాలో, మేఘరాజ్ సేఠీ మార్గ్‌లో ఒక మునిసిపల్ దవాఖానా ఉంది. దాని ఆవరణలో బండి పెట్టుకునే షెడ్డు ఒకటి. చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద కాపురాలుండే ఆడవాళ్లు పగలల్లా ఆ షెడ్డుకు వచ్చిపోతుండేవారు. చంకలో పిల్లను దింపి కాసేపు కూర్చోవడానికి ఒకరు, మునిసిపాలిటీ బండి వంట సామానంతా ఎత్తుకుపోయిందని చెప్పుకోవడానికి ఇంకొకరు. 1984లో పుట్టిన స్పార్క్ సంస్థకు తొలి కార్యాలయం అదే. పూర్తి పేరు సొసైటీ ఫర్ ద ప్రమోషన్ ఆఫ్ ఏరియా రిసోర్స్ సెంటర్స్. అంత పొడుగు పేరుకూ అర్థం ఆ షెడ్డులోనే ఉంది. పేదవాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా వచ్చి కూర్చుని, తమ సంగతి తాము మాట్లాడుకునే చోటు ప్రతి పేటలోనూ ఉండాలన్నది దాన్ని పెట్టినవాళ్ల కోరిక.

పెట్టినవాళ్లు షీలా పటేల్, ప్రేమా గోపాలన్, మరికొందరు. అంతకు ముందు నాగ్‌పాడాలోని ఒక సేవాకేంద్రంలో పనిచేసేవారు. ఫుట్‌పాత్ తల్లులు అక్కడికి పిల్లల కోసం వచ్చేవారు. వైద్యం, పాలు, చదువు ఇవ్వగలిగారు గాని, సాయంత్రానికి ఆ తల్లి గుడిసె ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు ఈ సేవ దేనికి అన్న ప్రశ్న వాళ్లను నిలవనీయలేదు. బయటికి వచ్చి సొంతంగా సంస్థ పెట్టుకున్నారు. ఆ సంస్థకు నలభై ఏళ్లు దాటాయి. ఈ నలభై ఏళ్లలో అది చేసిన పనులు చాలా ఉన్నా, నా దృష్టిలో వాటన్నిటికీ మూలం ఒక్కటే. ఎవరూ లెక్కచేయని మనుషులు తమను తామే లెక్కపెట్టుకోవడం.

1981 జులైలో, నడివానాకాలంలో, అప్పటి ముఖ్యమంత్రి ఎ.ఆర్.అంతులే ఫుట్‌పాత్ వాసులను నగరం నుంచి పంపేయాలని ఆదేశించారు. గుడిసెలు పీకి, జనాన్ని బస్సులెక్కించారు. జర్నలిస్టు ఓల్గా టెల్లిస్, పౌరహక్కుల సంఘం, కొందరు ఫుట్‌పాత్ వాసులు కోర్టుకెక్కారు. 1985 జులై 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమే అన్న ఆ తీర్పును న్యాయ విద్యార్థులు ఇవాళ్టికీ చదువుతారు. ఫుట్‌పాత్ మీది మనిషికి అందిన ముక్క మాత్రం వేరు. నోటీసు ఇచ్చి, వానాకాలం వెళ్లాక గుడిసెలు తీసేయవచ్చు. గడువు అక్టోబరు 31.

ఆ కొద్ది నెలల్లో స్పార్క్ ఎంచుకున్న పని జనాభా లెక్క. బైకుల్లా ఉన్న ‘ఇ’ వార్డులోనూ, కొన్ని పెద్ద రోడ్ల వెంబడీ ఇంటింటికీ, నిజానికి గోనెపట్టా గోనెపట్టాకూ, తిరిగారు. సుమారు 6,000 కుటుంబాలు, 27,000 మంది వివరాలు చేతికొచ్చాయి. వాటిని పుస్తకంగా వేసి, ‘కంటికి కనపడనివాళ్లం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టారు. వీళ్లంతా నిన్న మొన్న వచ్చిన బిచ్చగాళ్లు, దొంగలు అనుకునే నగరానికి ఆ పుస్తకం ఇంకో మాట చెప్పింది. చాలామంది పదేళ్లు, ఇరవై ఏళ్ల నుంచి ఆ రాళ్ల మీదే బతుకుతున్నారు. కరువో, వరదో, అప్పో తరిమితే వచ్చినవారు. కూలి చేస్తారు, పాచిపని చేస్తారు, తోపుడుబళ్లు లాగుతారు, పనికి నడిచిపోతారు. బస్సు ఖర్చు పెట్టుకునే స్తోమత లేదు కనుక పని ఉన్నచోటే పడుకుంటారు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. బైకుల్లాకు కూతవేటు దూరంలో కామాఠీపురా ఉంది. నిజాం ఇలాకా నుంచి వెళ్లి బొంబాయిలో రాళ్లు మోసి, గోడలు లేపిన తెలుగు కూలీలు కామాఠీలు. వాళ్ల పేరు మీదే ఆ పేట వెలిసింది. తరవాతి కాలంలో పాలమూరు పల్లెల నుంచి బొంబాయి బస్సెక్కిన మేస్త్రీలు, కూలీలు ఎందరో. పరాయి ఊళ్లో తల దాచుకునే చోటు వెతుక్కోవడమంటే ఏమిటో తెలంగాణలో చాలా కుటుంబాలకు ఇంట్లోనే తెలుసు. బైకుల్లా కథ మనకు దూరపు కథ కాదు.

అక్టోబరు 31 గడువు దాటింది. అందరూ భయపడిన మూకుమ్మడి కూల్చివేత జరగలేదు. అయినా భయం పోలేదు. ఏం చేద్దామని స్పార్క్ అడిగితే ఆ ఆడవాళ్లు గొడవ పడదామనలేదు. రేషన్ కార్డు కావాలన్నారు. రేషన్ ఆఫీసు, పోలీసు ఠాణా, మునిసిపల్ వార్డు, ఏ గుమ్మం తొక్కాలన్నా పదిమంది కలిసి వెళ్లడం నేర్చారు. ఒంటరిగా వెళ్తే తరిమే గుమాస్తా పదిమంది బారుగా నిలబడితే కాగితం తీసేవాడు. అలా కలిసినవాళ్లే మహిళా మిలన్ అయ్యారు.

తరవాత పొదుపు. రోజుకు రూపాయో, రెండు రూపాయలో. నెల జీతగాళ్లకు నెలవారీ చీటీ కుదురుతుంది గాని, రోజు కూలీ చేతిలో డబ్బు సాయంత్రం దాటి నిలవదు. అందుకని సాయంత్రాలు ఒకామె గడపగడపకూ తిరిగి వసూలు చేసేది. చాలామందికి చదువు రాదు. ఒక్కో మొత్తానికి ఒక్కో రంగు కాగితం ముక్క పెట్టుకుని, ఎవరి ముక్కలు వారి సంచిలో దాచేవారట. ఆ సంచే పాసుపుస్తకం. పిల్లాడికి జ్వరమొచ్చినా, గుడిసె పీకినా ఆ డబ్బే ఆదుకునేది. అంతకన్నా ముఖ్యమైన లాభం ఇంకొకటుంది. రోజూ ఒక మనిషి వచ్చి పలకరిస్తే ఎవరింట్లో ఏం జరుగుతోందో వీధికంతా తెలుస్తుంది. సంఘం అంటే సభ్యత్వ రశీదు కాదని, రోజూ జరిగే పలకరింపని అక్కడ తేలింది.

అదే రోజుల్లో జాకిన్ అర్పుతం వీళ్లతో కలిశారు. కోలారు బంగారు గనుల్లో పుట్టి, 1960ల్లో బొంబాయి చేరిన వడ్రంగి. మాన్‌ఖుర్ద్‌లోని జనతా కాలనీని అణు పరిశోధన కేంద్రం పక్కన ఉండనివ్వబోమని అధికారులంటే ఏళ్ల తరబడి పోరాడారు. 1976లో, ఎమర్జెన్సీ నీడలో, కాలనీ కూల్చి జనాన్ని చీతా క్యాంపుకు తరలించారు. గెలవని పోరాటం ఆయనకు ఒక పాఠం నేర్పింది. వద్దు వద్దని అరవడంతో ఆగకూడదు, ఏం కావాలో, ఎలా చేయవచ్చో మనమే తయారుచేసి అధికారి బల్ల మీద పెట్టాలి. 1974లో తాను మొదలుపెట్టిన జాతీయ మురికివాడల వాసుల సమాఖ్యను స్పార్క్‌కు, మహిళా మిలన్‌కు జతకలిపారు. 2000లో మెగసెసే పురస్కారం, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2018 అక్టోబరులో కన్నుమూశారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇల్లు గీసుకోవడం. మీకు ఎలాంటి ఇల్లు కావాలని అడిగితే, ఫుట్‌పాత్ మీద ఆరడుగుల చోటులో సంసారం ఈదిన ఆడవాళ్లు చీరలు పరిచి కొలిచారు. చీర పొడవు ఎంతో వాళ్లకు తెలుసు, అడుగులూ అంగుళాలూ తెలియవు. ఎంతెంత ఉండాలో అలా తేల్చుకున్నారు. నేల ఎక్కువ దొరకదు కాబట్టి గది ఎత్తు పద్నాలుగడుగులుండాలన్నారు, పైన అటక వేసుకోవడానికి. కింద వంట, కూర్చోవడం, పైన పిల్లల పడక. పల్లెటూరి ఇంట్లో ఉప్పుబానలు, కందిపప్పు దాచే అటకే బొంబాయిలో పడకగది అయింది. వాసాలు పాతి, గుడ్డలు కట్టి అసలు కొలతల్లోనే నమూనా ఇళ్లు నిలబెట్టారు. అధికారులను, మేస్త్రీలను, ఇతర బస్తీల జనాన్ని పిలిచి చూపించారు. చూడవచ్చినవాళ్లు లోపలికి నడిచి, చేతులు చాపి, ఇక్కడ పొయ్యి పట్టదు, ఆ తలుపు ఇటు తిప్పండి అని సలహాలు చెప్పారు. ఇంటి నక్షా అంటే ఇంజనీరు కాగితమే అనుకునే రోజుల్లో జరిగిన పని ఇది.

నగరంలో స్థలం లేదని అధికారులంటే, మహిళా మిలన్ వాళ్లు బొంబాయి డెవలప్‌మెంట్ ప్లాను పట్టుకుని, పేదల ఇళ్లకని అందులో రాసి ఉన్న చోట్లు వెతుక్కుంటూ ఊరంతా తిరిగారు. అలా రాసిన కొన్నిచోట్ల అప్పటికే వేరే భవనాలు లేచి ఉన్నాయి. ధారావిలో మార్కండేయ అనే సహకార సంఘం ఇళ్లు పద్నాలుగడుగుల ఎత్తు ఆలోచనతోనే మొదలయ్యాయి. ప్రభుత్వ గృహరుణాల సంస్థ హడ్కో అప్పివ్వడానికి హామీ అడిగితే, పేదవాళ్ల తరఫున ఒక విదేశీ సంస్థ హామీ పడింది. ఆ ఇళ్లు పూర్తవడానికి ఏళ్లూపూళ్లూ పట్టాయి. పేదవాడికి ఇల్లు ఆలస్యమయ్యేది ఇటుకలు దొరక్క కాదని, సంతకాలు దొరకకనేనని ఆ ఒక్క భవనం రుజువు చేసింది.

పెద్ద పరీక్ష రైలు పట్టాల పక్కన వచ్చింది. ముంబై లోకల్ రైళ్ల పట్టాలకు నాలుగడుగుల దూరంలో కూడా గుడిసెలుండేవి. పిల్లలు పట్టాల మీద పోయేవారు, ఆ చోట్ల రైళ్లు నత్తనడక నడిచేవి. 1989లోనే సమాఖ్య, స్పార్క్ అక్కడ లెక్క తీసి, సుమారు 18,000 కుటుంబాలున్నాయని తేల్చాయి. పదేళ్ల తరవాత ప్రపంచ బ్యాంకు అప్పుతో రైలుమార్గాల విస్తరణ మొదలైతే ఆ లెక్కే పనికొచ్చింది. పద్ధతి చెబుతాను, ఎందుకంటే అసలు విద్య అందులోనే ఉంది. ముందు ప్రతి గుడిసె తలుపు మీదా అంకె వేస్తారు. బస్తీ పటం గీస్తారు. ఎవరింట్లో ఎవరున్నారో రాసి, ఆ పట్టీని బస్తీ నడుమ నిలబడి బిగ్గరగా చదువుతారు. పేరు తప్పినవాడు అక్కడే అడుగుతాడు, లేనివాడి పేరు చేరితే పక్కింటివాళ్లే పట్టేస్తారు. కుటుంబాన్ని గుడిసె ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు. యాభై కుటుంబాలకో గుంపు చేసి, సహకార సంఘంగా నమోదు చేస్తారు. కొత్త ఇంట్లో పొరుగువారు ఎవరో కూడా వాళ్లే నిర్ణయించుకుంటారు.

2000 ఫిబ్రవరిలో రైల్వే అధికారులు మాట తప్పి రెండువేలకు పైగా గుడిసెలు కూల్చారు. సమాఖ్య నగరాన్ని కదిలిస్తే కూల్చివేత ఆగింది. కొద్దికాలంలోనే దాదాపు 60,000 మంది పట్టాల పక్క నుంచి లాఠీ అక్కర్లేకుండా తరలివెళ్లారు. చాలామంది తమ గుడిసెలు తామే విప్పుకున్నారు. మన దేశంలో పట్టణాల్లో ఇది అరుదు.

ఫుట్‌పాత్ వాసుల వంతు 1995 తరవాత వచ్చింది. అప్పటి మురికివాడల పునరావాస పథకంలో, 1995 జనవరి 1 నాటికి ఉన్నవారికి ఇల్లు ఇవ్వాలన్న నిబంధనలో ఫుట్‌పాత్ మీది కుటుంబాలు కూడా చేరాయి. పదేళ్ల కిందట వేసిన పుస్తకం లేకపోతే వాళ్లు అక్కడ ఉన్నారని ఎవరు సాక్ష్యం చెప్పేవారు? మాన్‌ఖుర్ద్‌లో మిలన్ నగర్ లేచింది. మహిళా మిలన్ తొలితరం ఆడవాళ్లు కొందరు ఆ ఇళ్లలోకి మారేసరికి సర్వే జరిగి ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి చంటిపిల్లలు గృహప్రవేశానికి తల్లులయ్యారు.

మంచి మాత్రమే రాయడం ఆ ఆడవాళ్లకు మర్యాద కాదు. పునరావాస కాలనీలు ఊరి తూర్పు అంచున, గోవండి, మాన్‌ఖుర్ద్‌ల వైపు పడ్డాయి. పని మాత్రం పాత చోటే ఉంది. 225 చదరపు అడుగుల గదులు, ఒకదానికొకటి ఆనుకున్న భవనాలు. లల్లూభాయి కాంపౌండ్, నట్వర్ పారేఖ్ కాంపౌండ్ లాంటి చోట గాలీ వెలుతురూ అందని ఇళ్లలో క్షయ ఎక్కువగా ఉందని వైద్యులు, ఐఐటీ పరిశోధకులు చూపించారు. రోడ్ల కోసం తరలించిన కొందరు ప్రపంచ బ్యాంకు తనిఖీ బృందానికి ఫిర్యాదు చేశారు. ప్రభుత్వంతో ఇంత దగ్గరగా పనిచేస్తే ఎదురు నిలిచే గొంతు మెత్తబడదా అని అడిగినవారూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే అది. ఇల్లంటే పైకప్పు మాత్రమే కాదు, పనికి నడిచిపోయేంత దూరం కూడా అని 1985 లెక్కే చెప్పింది. ఆ మాటను ప్రభుత్వ పథకాలు ఇంకా చెవిన పెట్టలేదు.

పుణేలో, ముంబైలో సామూహిక మరుగుదొడ్లు కట్టడం, 1996లో దక్షిణాఫ్రికా తదితర దేశాల పేదల సంఘాలతో కలిసి అంతర్జాతీయ కూటమిగా ఏర్పడడం ఇంకో పెద్ద కథ. మరొక వ్యాసానికి వదులుతున్నాను.

మన దగ్గరికి వస్తాను. తెలుగు రాష్ట్రాలు రెండింటికీ పేదల ఇళ్ల పథకాలు కొత్త కాదు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం, ఆంధ్రలో టిడ్కో ఇళ్లు అందరికీ తెలిసినవే. అయితే ఏ పథకం దరఖాస్తులోనైనా ముందు అడిగేది చిరునామా, ఆ తరవాత రేషన్ కార్డు. వంతెన కింద పడుకునేవాడి పేరు ఆ గడిలోనే ఆగిపోతుంది. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు కలగజేసుకున్న తరవాత, నగరాల్లో ప్రతి లక్ష జనాభాకూ ఏడాది పొడవునా తెరిచి ఉండే ఆశ్రయం ఒకటి ఉండాలన్న ప్రమాణం వచ్చింది. మీ ఊరి జనాభా ఎంత, ఆశ్రయాలెన్ని అని మీ మునిసిపల్ కమిషనర్‌ను అడిగే హక్కు మీకుంది.

2011 జనగణనలో దేశం మొత్తం మీద ఇల్లు లేనివారు 17.73 లక్షలని తేలింది. ఇల్లు లేనివాళ్లను ఒక్క రాత్రిలో, ఫిబ్రవరి 28న లెక్కపెట్టారు. గుడి మెట్ల మీద, బస్టాండు వెనక, పూర్తికాని భవనాల్లో ఆ రాత్రి ఎందరు తప్పిపోయారో. తరవాతి జనగణన 2027 మార్చి 1 నాటి లెక్క. ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే రాత్రి గణకులు మీ ఊరికి వస్తారు. ఎవరు ఎక్కడ పడుకుంటారో వాళ్లకు తెలియదు, మీ వీధి పాలవాడికి, రిక్షా స్టాండు వాళ్లకు తెలుసు. వాళ్లను వెంటబెట్టుకుని ఒక టార్చిలైటు తీసుకుని గణకుడితో పాటు వెళ్లండి. ఒక్క పేరు తప్పకుండా రాయించండి.