రాతి ముద్ర నుంచి లేజర్ స్టాంపు వరకు

1. పరిచయం

మీ ధ్రువపత్రాల నకళ్లను ఒకసారి తీసి చూడండి. వాటిలో ఏదో ఒకదానిపై స్టాంపు ముద్ర, దాని పక్కన ఒక సంతకం కనిపిస్తాయి. ముద్ర లేదని కాగితాన్ని వెనక్కి పంపిన అనుభవం కూడా మీలో కొందరికి ఉండవచ్చు. ఇంత చిన్న గుర్తుకు అంత విలువ ఎలా వచ్చింది? ముద్రను తయారుచేయడం కష్టంగా ఉన్నంత కాలం దాని ఆకారమే అధికారానికి రుజువుగా నిలిచింది. తయారీ సులభమైన కొద్దీ ఆ రుజువు భారం సంతకం మీదికి, రికార్డుల మీదికి, చట్టం మీదికి మారింది. ఈ మార్పును దశలవారీగా పరిశీలిద్దాం.

2. చేతితో చెక్కిన ముద్రలు

సింధు నాగరికత ఉచ్ఛదశలో (సుమారు క్రీ.పూ. 2600-1900) స్టియటైట్ అనే మెత్తని రాతిపై జంతువుల బొమ్మలను, లిపిని చెక్కేవారు. లోథాల్ గిడ్డంగిలో సుమారు 65 మట్టి ముద్రికలు దొరికాయి. వాటి వెనుక వైపు తాళ్ల గుర్తులు, నేత గుర్తులు ఉన్నాయి. అంటే సరుకు మూటలకు కట్టిన తాడు మీద తడి మట్టి పెట్టి ముద్ర వేసేవారని తెలుస్తోంది. మట్టిని పగలగొట్టకుండా మూట విప్పడం సాధ్యం కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ముద్రాధ్యక్షుడు అనే అధికారిని పేర్కొంటుంది. ప్రయాణికులు అతనికి ఒక మాషకం చెల్లించి ముద్ర గల అనుమతిని పొందాలి. దొంగ ముద్రకు శిక్షను కూడా ఆ గ్రంథమే నిర్దేశించింది. ముద్ర ఎంత పాతదో, దొంగ ముద్ర కూడా దాదాపు అంత పాతదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలలో రేకులన్నింటినీ ఒక కడియానికి గుచ్చి, దాని కొసలను ముద్రలో బిగించేవారు. ఆ ముద్రపై వరాహ లాంఛనం, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు కనిపిస్తాయి. కడియాన్ని కోయకుండా, ముద్రను ఊడదీయకుండా రేకును మార్చలేరు.

3. రబ్బరు స్టాంపు

సహజ రబ్బరు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా మారుతుంది. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి ఈ లోపాన్ని తొలగించాడు. 1844లో దీనికి పేటెంటు పొందాడు. ఇదే వల్కనీకరణం. 1860ల నాటికి అమెరికాలో రబ్బరు స్టాంపులు వాడుకలోకి వచ్చాయి. సీసపు అక్షరాలను కూర్చి, వాటితో మూస తీసి, ఆ మూసలో రబ్బరును వేడితో అదిమేవారు. ఒకే మూస నుంచి అనేక స్టాంపులు తీయవచ్చు. చెక్కడంలోని అరుదైన పనితనం ఇక్కడ అవసరం లేదు. ఆకారానికి చట్టం కూడా రక్షణగా నిలిచింది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలోని 472వ సెక్షన్ ఫోర్జరీ కోసం దొంగ ముద్రను తయారుచేయడాన్ని నేరంగా ప్రకటించింది.

4. లేజర్ చెక్కడం

1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను పనిచేయించాడు. 1964లో బెల్ లేబొరేటరీస్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను రూపొందించిన సి. కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో జన్మించినవాడు. ఈ లేజర్ నుంచి వెలువడే 10.6 మైక్రోమీటర్ల పరారుణ కిరణాన్ని రబ్బరు పీల్చుకుని ఆవిరవుతుంది.

స్టాంపు తయారీలో కంప్యూటరుపై కూర్చిన అక్షరాలను అద్దంలో కనిపించినట్లు తిరగవేస్తారు. కాగితంపై పడకూడని భాగాన్ని కిరణం కాల్చివేస్తుంది. అక్షరాలు మాత్రం ఎత్తుగా మిగులుతాయి. సన్నని గీతలు విరగకుండా అక్షరాల అడుగును వాలుగా చెక్కుతారు. పొగ బయటికి పోయే ఏర్పాటు తప్పనిసరి. తెలుగు వత్తులు, గుణింతాలు కూడా స్పష్టంగా వస్తాయి. పని నిమిషాలలో పూర్తవుతుంది. అదే ఫైలుతో అచ్చం అలాంటిదే మరొకటి చేయడం కూడా అంతే సులభం. కాబట్టి స్టాంపు ఆకారాన్ని మాత్రమే చూసి కాగితాన్ని నమ్మడానికి ఆధారం లేదు.

5. రుజువు ఎక్కడికి మారింది?

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. 2014లో కేంద్ర ప్రభుత్వం గెజిటెడ్ అధికారి ధ్రువీకరణకు బదులు స్వీయ ధ్రువీకరణను ప్రోత్సహించింది. ఒక ముద్ర కోసం పని మానుకుని పట్టణానికి వెళ్లవలసిన గ్రామీణ అభ్యర్థికి ఇది చిన్న మేలు కాదు. 2015లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ సంస్థలకు ఉమ్మడి ముద్ర తప్పనిసరి అనే నియమాన్ని తొలగించింది.

6. సారాంశం

ముద్ర ఉన్న పత్రం మీ చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ కాలంలో ఈ ముద్రను ఎవరు తయారుచేయగలిగేవారు? అది ఎవరి అధీనంలో ఉండేది? దాని వాడకం మరెక్కడైనా నమోదైందా? శాసనాన్ని పరిశీలించే చరిత్రకారునికీ, నకలును సరిచూసే గుమాస్తాకూ ఈ ప్రశ్నలు సమానంగా అవసరమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. లోథాల్ మట్టి ముద్రికల వెనుక ఉన్న గుర్తుల నుంచి మనం ఏమి గ్రహిస్తాం?
2. తయారీ సులభమైన కొద్దీ ముద్ర విలువ ఎలా మారిందో రెండు ఉదాహరణలతో వివరించండి.