చెప్పే నాయకత్వం, అడిగే నాయకత్వం

ప్రతి ఏడూ ఈ నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటాం. ఈసారి మన సంఘాల్లో నాయకత్వం ఎట్ల మారుతూ వచ్చిందో కూడా రాసుకుందాం. పని చేసేవాళ్ల ఉత్సాహం చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

1982లో డ్వాక్రా పథకం వచ్చినప్పుడు ఏ పని పెట్టుకోవాలో ఎక్కువగా అధికారులే చెప్పేవాళ్లు. మనం సంతకాలు పెట్టేవాళ్లం. 1995లో ఐక్యరాజ్యసమితి సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సాపాప్ మొదలైంది. ముందు పొదుపు చేసుకోవడం, ఎవరికి అప్పు ఇవ్వాలో సభ్యులే కూర్చుని తేల్చుకోవడం అందులో పద్ధతి. మన ఓర్వకల్లు ఆడవాళ్లు అట్లనే ఊరి సంఘాల నుంచి మండల సమాఖ్య దాకా కట్టుకున్నారు. ఆ సమాఖ్యే తర్వాత పిల్లల కోసం బాలభారతి బడి పెట్టింది. ఆ ఆలోచన పైనుంచి వచ్చిన ఉత్తర్వు కాదు.

అదే 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం సంఘం నడిపే హక్కు సభ్యులకే ఇచ్చింది. 2000లో సెర్ప్ ఏర్పడి, వెలుగు మొదలైంది. చదువు లేకున్నా సంఘం నడిపిన అనుభవం ఉన్న మన అక్కలే సి.ఆర్.పి.లుగా వేరే ఊళ్లకు, తర్వాత బిహార్ లాంటి రాష్ట్రాలకు కూడా పోయి నేర్పించారు.

అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదని మా అనుభవం. మా సమాఖ్యలో ఒకప్పుడు అన్నీ ఒక్కరే తేల్చేవాళ్లు. బుక్ కీపర్ చెప్పింది రాసి, తల వంచుకుని పోయేది. ఒక ఏడు ఇద్దరు సభ్యులు కట్టిన కంతులు పుస్తకంలోకి ఎక్కలేదు. వాళ్లు బాకీదార్ల కింద పడ్డారు, కొత్త అప్పు ఆగింది. తప్పు ఉందని బుక్ కీపర్‌కు అనుమానమే. కానీ అడిగినోళ్లు లేరు, చెప్పే ధైర్యం ఆమెకు లేదు.

తర్వాత వచ్చిన అధ్యక్షురాలు మొదటి సమావేశంలోనే, "నువ్వేమంటావు చెల్లీ?" అని ఆమెను అడిగింది. ఆ పిల్ల కాసేపు నీళ్లు నమిలి, "అక్కా, చదువు రానోళ్లకు ఈ పుస్తకం ఎట్ల తెలుస్తాది? కట్టినోళ్లకు పచ్చ చుక్క, కట్టనోళ్లకు ఎర్ర చుక్క పెడతా. అందరి ముందర చదువుతా" అనింది. మొదటి నెలలోనే ఆ ఇద్దరూ లేచి, "మాకు ఎర్ర చుక్క ఎందుకు పడింది?" అని నిలదీశారు. రశీదులు తీసి లెక్క సరిచేశాం. అప్పు అందింది.

అడగడమంటే నియమాలు వదిలేయడం కాదు. సమావేశం, పొదుపు, అప్పు, వసూలు, పుస్తకం అనే పంచసూత్రాలు గట్టిగానే ఉండాలి. అవి ఎట్ల బాగా జరగాలో మాత్రం ఆ పని చేసేవాళ్లకే ఎక్కువ తెలుసు.

అందుకే వచ్చే ఏడు ప్రతి సమావేశంలో ముందు బుక్ కీపర్ మాట, వెనక కూర్చున్న సభ్యురాలి మాట విని, ఆ తర్వాతే నాయకురాలు మాట్లాడాలని తీర్మానించుకున్నాం. మీ సంఘంలోనూ ఇట్ల చేసి చూడండి.