పిడి ఒకటి, ఇనుములు మూడు

పాత ఇస్త్రీ ఇనుమును ఇంగ్లీషులో ‘సాడ్ ఐరన్’ అంటారు. ఆ మాట వినగానే ఎవరికైనా విచారమే గుర్తొస్తుంది. నిజానికి ఇక్కడ ‘సాడ్’కి ఇప్పుడు వాడుకలో లేని పాత అర్థం ఒకటుంది: గట్టిది, బరువైనది అని. సాడ్ ఐరన్ అంటే బరువైన ఇనుము, అంతే. కానీ రాబర్ట్ కేరో 1982లో లిండన్ జాన్సన్ జీవితచరిత్ర మొదటి సంపుటం వేసినప్పుడు, కరెంటు రాకముందు టెక్సస్ కొండప్రాంతపు పల్లెల్లో ఆడవాళ్ళ బతుకు గురించిన అధ్యాయానికి ‘ది సాడ్ ఐరన్స్’ అని పేరు పెట్టాడు. ఆ అధ్యాయం చదివాక రెండు అర్థాల్నీ విడదీయడం కష్టం.

ఒక రాజకీయ నాయకుడి జీవితచరిత్రలో ఇస్త్రీ ఇనుముకి అంత చోటెందుకు? ఈ ప్రశ్న వెంటపడి వెనక్కి వెళ్తే, 1871లో ఒక ఇరవయ్యేళ్ళ అమ్మాయి తీసుకున్న పేటెంటు దగ్గర ఆగాను. ఆమె పేరు మేరీ ఫ్లోరెన్స్ పాట్స్. ఊరు అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఓటమ్వా. ఆమె చేసింది చూస్తే చాలా చిన్న పని: ఇస్త్రీ ఇనుముకి ఊడొచ్చే పిడి పెట్టింది.

ముందుగా ఒక సంగతి. దీన్ని ఇస్త్రీ పెట్టె అని నేను అనడం లేదు, ఎందుకంటే అది పెట్టె కాదు. మన వీధి చివర బండి మీద కనిపించేది నిజంగా పెట్టే. మూత తీసి లోపల బొగ్గులు వేస్తారు, నిప్పు అందులోనే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఇళ్ళలో ఎక్కువగా ఉన్నది మాత్రం ఇనుప దిమ్మ. దాని లోపల నిప్పు ఉండదు. దాన్నే తీసుకెళ్ళి మండుతున్న పొయ్యి మీద పెట్టాలి. వేడెక్కాక తెచ్చి రుద్దాలి. చల్లారగానే మళ్ళీ పొయ్యి మీదికి. అందుకని ఇంటికి రెండో మూడో దిమ్మలుండేవి. ఒకటి చేతిలో ఉంటే మిగతావి పొయ్యి మీద కాగుతూ ఉండేవి.

ఈ తేడాలోనే అసలు చిక్కు ఉంది. పోతపోసిన దిమ్మకి పిడి కూడా ఇనుమే. అడుగు కాలితే పిడీ కాలుతుంది. మసిగుడ్డతోనో, గుడ్డముక్కలు కుట్టి చేసిన మందపాటి మెత్తతోనో పట్టుకోవాలి. గుడ్డ పల్చనైతే చెయ్యి కాలుతుంది, మందమైతే పట్టు చిక్కదు. మరి చెక్క పిడి పెట్టొచ్చు కదా? చెక్క ఇనుముకంటే కొన్ని వందల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పెట్టొచ్చు, కానీ దిమ్మ మొత్తం పొయ్యి మీద కూర్చుంటుంది కాబట్టి ఆ చెక్క గంటల తరబడి సెగలో ఉండి మాడిపోతుంది. బొగ్గుల పెట్టెకి ఈ బాధ లేదు. దాన్ని పొయ్యి మీద పెట్టే పనే లేదు కాబట్టి చెక్క పిడి దానికి శాశ్వతంగా బిగించుకోవచ్చు.

అంటే ఒకే వస్తువు ఒకే రోజున రెండు చోట్ల ఉండాలి: నిప్పు మీద, అరచేతిలో. ఈ రెండు చోట్ల అవసరాలూ ఒకదానికొకటి పడవు. పాట్స్ చేసిందల్లా ఈ రెండింటినీ విడదీయడం. నిప్పు మీద ఉండాల్సిన భాగం ఇనుమై నిప్పు మీదే ఉంటుంది. చేతిలో ఉండాల్సిన భాగం చెక్కై చేతిలోనే ఉంటుంది. పని జరిగేంతసేపే ఆ రెండూ కలుస్తాయి.

సాఫ్ట్‌వేర్ పనిలో మేం రోజూ చేసేది ఇదే. మారేదాన్నీ మారనిదాన్నీ విడగొట్టి, మధ్యలో ఒక అతుకు పెట్టి, దానికి ఇంటర్‌ఫేస్ అని పేరు పెట్టుకుంటాం. దీన్ని కాలేజీలో పాఠంగా చెప్పడానికి వందేళ్ళ ముందే ఒకావిడ ఇస్త్రీ బల్ల దగ్గర చేసి చూపించిందన్నది నాకు బాగా నచ్చిన విషయం.

*

ఆమె పని ఒక్క పిడితో మొదలవలేదు. 1850లో పుట్టిన పాట్స్, పందొమ్మిదేళ్ళ వయసులో 1870లోనే ఒక పేటెంటు తీసుకుంది. అందులో ఇనుమును లోపల బోలుగా పోతపోసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ లాంటి, వేడిని సులభంగా ప్రసరింపజేయని పదార్థంతో నింపాలన్నది ఆలోచన. అప్పుడు వేడి పైకి, చేతివైపు పోవడం తగ్గుతుంది, అడుగున ఎక్కువసేపు నిలుస్తుంది. ఆమె ఇనుము రెండు కొసలూ మొనదేలి ఉంటాయి. మామూలు ఇనుముకి ముందు మొన, వెనక చదును. అది ముందుకి పోయినప్పుడు ముడత తీస్తుంది, వెనక్కి లాగినప్పుడు కొత్త ముడత వేస్తుంది. రెండువైపులా మొన ఉంటే ఎటు తోసినా పనే. మరుసటి ఏడాది, 1871లో, ఊడొచ్చే పిడి వచ్చింది.

తర్వాత అంగళ్ళలో అమ్మినవి చూస్తే పని తీరు తెలుస్తుంది. చెక్క పిడి అరచంద్రాకారంలో ఉంటుంది. దాని కింద లోహపు కొక్కెం, పైన చిన్న బొడిపె. బొడిపె లాగితే కొక్కెం వదులుతుంది. చల్లారిన ఇనుమును పొయ్యి మీద వదిలేసి, పిడిని కాగిన ఇంకో ఇనుము మీద పెడితే పట్టుకుంటుంది. మూడు ఇనుములు, ఒక పిడి, పెట్టుకోవడానికి ఒక ఇనుప పీట. వీటన్నిటినీ కలిపి ఒక సెట్టుగా అమ్మేవారు. ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ లాంటి సంస్థలు వీటిని పెద్ద ఎత్తున తయారుచేశాయి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతజయంతి ప్రదర్శనలోనూ ఇది కనిపించింది.

ప్రకటనల్లో దీని పేరు ‘మిసెస్ పాట్స్ సాడ్ ఐరన్’. ఈ పేరు కాస్త ఆగి చూడాల్సింది. మొక్కుబడిగా పెట్టింది కాదు, వ్యాపారం తెలిసినవాళ్ళు పెట్టిన పేరు. ఇస్త్రీ చేసే ఆడవాళ్ళకి, ఇస్త్రీ చేసిన ఒక గృహిణే దీన్ని తయారుచేసింది అని ఆ ‘మిసెస్’ హామీ ఇస్తుంది. ఆ కాలంలో ఆడవాళ్ళు కనిపెట్టిన వస్తువులు చాలావరకు వాళ్ళ పేర్లు లేకుండానే బజారుకెళ్ళాయి. ఆ లెక్కన ఇది గౌరవమే. కాకపోతే ఇంటింటికీ తెలిసిన పేరు భర్త ఇంటిపేరే. మేరీ ఫ్లోరెన్స్ అన్న పేరు పేటెంటు కాగితాల్లో మిగిలింది.

*

ఇంతవరకూ చెప్పింది విజయగాథ. ఇక్కడితో ఆపితే చరిత్ర సగమే చెప్పినట్టు. పిడి చల్లగా ఉంది, బాగానే ఉంది. కానీ ఇస్త్రీ ఎంతసేపు చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, ఎంతకు చెయ్యాలి? వీటికి పిడి దగ్గర జవాబు లేదు.

దీనికి నాకు దొరికిన మంచి పోలిక ఇంకో ఊడొచ్చే వస్తువు. అది న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణానిది. అక్కడ 1827లో హన్నా మాంటేగ్ అనే గృహిణి, భర్త చొక్కాలకి కాలరు మాత్రమే మురికవుతుంటే మొత్తం చొక్కా ఉతకడమెందుకని, కాలర్లు కత్తిరించి విడిగా ఉతికి మళ్ళీ కట్టుకునేట్టు చేసిందని చెబుతారు. ఇదీ మేరీ పాట్స్ మార్గమే. పనిలో ఏ భాగం అవసరమో దాన్ని విడదీయడం. కానీ చూడండి ఏమైందో. ఊడొచ్చే కాలరు ఫ్యాషనైపోయింది, ట్రాయ్ కాలర్ల పరిశ్రమకి రాజధాని అయింది. ఆ కాలర్లన్నిటినీ ఉతికి, గంజిపెట్టి, బిరుసుగా ఇస్త్రీ చేయడానికి వందల మంది ఆడవాళ్ళు లాండ్రీల్లో చేరారు. వాళ్ళలో చాలామంది ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. ఒక ఇంట్లో తగ్గిన చాకిరీ ఊరి లాండ్రీల్లో పోగుపడింది.

ఆ లాండ్రీల్లో రోజుకి పన్నెండు నుంచి పద్నాలుగు గంటల పని. వారానికి మూడు నాలుగు డాలర్ల కూలి. 1864లో కేట్ ములానీ అనే యువతి నాయకత్వంలో సుమారు 300 మంది సంఘం పెట్టుకుని సమ్మె చేశారు. వారం తిరక్కముందే యజమానులు దిగొచ్చి కూలి 25 శాతం పెంచారు. అమెరికాలో నిలదొక్కుకున్న తొలి మహిళా కార్మిక సంఘాల్లో అదొకటి. 1868లో ములానీ జాతీయ కార్మిక సంఘంలో సహాయ కార్యదర్శి అయింది. ఆ తర్వాతి ఏడాది జరిగిన సమ్మె మాత్రం ఓడిపోయింది, సంఘమూ ఎంతోకాలం నిలవలేదు.

1881లో అట్లాంటాలో ఇంకో సమ్మె. అక్కడ బట్టలుతికి ఇస్త్రీ చేసేవాళ్ళు నల్లజాతి స్త్రీలు. చాలామంది బానిసత్వం నుంచి బయటపడి ఇరవయ్యేళ్ళు కూడా కాలేదు. ఇరవై మందితో మొదలైన సంఘం మూడు వారాల్లో మూడు వేలకి చేరింది. డజను పౌన్ల బట్టలకి ఒక డాలరు, ఊరంతా ఒకే రేటు, ఇదీ వాళ్ళ డిమాండు. నగరపాలకులు ఒక్కొక్కరికీ ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు వేస్తామని బెదిరించారు. వాళ్ళు బెదరకుండా, ఫీజు కట్టడానికైనా సిద్ధమే, రేటు మాత్రం మేమే నిర్ణయించుకుంటాం అని మేయరుకి ఉత్తరం రాశారు.

ఈ ఇద్దరి కథలూ పాట్స్ కథకి పోటీ అని నేననను. కానీ ఇస్త్రీ చరిత్ర అని రాసే చాలా పుస్తకాల్లో పాట్స్‌కి ఒక పేరా ఉంటుంది, ములానీకి ఉండదు. వస్తువు చరిత్ర ఒక అరలో, దాన్ని పట్టుకున్న చేతుల చరిత్ర ఇంకో అరలో. పిడిని ఇనుము నుంచి ఊడదీయడం తెలివైన పని. చరిత్రని అలా ఊడదీసి పెట్టుకోవడం మాత్రం అంత తెలివైన పని కాదు.

*

న్యూయార్క్‌లో హెన్రీ సీలీ కరెంటు ఇస్త్రీ పెట్టెకి పేటెంటు తీసుకున్నది 1882 జూన్‌లో. ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలైంది అదే ఏడాది సెప్టెంబరులో. అంటే పెట్టె ముందొచ్చింది, దాన్ని గుచ్చే ప్లగ్గు ఇంకా లేదు. ఇళ్ళకి కరెంటొచ్చాక కూడా అది దీపాల కోసమే. చాలా ఊళ్ళలో సాయంత్రం నుంచే వచ్చేది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో కాలిఫోర్నియాలోని ఆంటారియోలో విద్యుత్ కంపెనీలో పనిచేసిన ఎర్ల్ రిచర్డ్‌సన్, తను చేసిన కరెంటు ఇస్త్రీ పెట్టెల్ని ఇళ్ళకిచ్చి వాడి చూడమన్నాడు. మంగళవారం పగలంతా కరెంటు ఇచ్చేలా కంపెనీని ఒప్పించాడు. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ, అదీ అక్కడి ఆనవాయితీ. వాడిన గృహిణులు చెప్పిందొకటే: మొన దగ్గర వేడి చాలడం లేదు. అలా పుట్టిందే ‘హాట్‌పాయింట్’ అన్న పేరు. మొన గురించి పాట్స్‌కి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె చేతికి అది ముందే తెలుసు.

పల్లెలకి కరెంటు ఇంకా ఆలస్యం. 1930ల మధ్యలో అమెరికా వ్యవసాయ కుటుంబాల్లో కరెంటున్నవి పదింట ఒకటి. పల్లె విద్యుదీకరణ సంస్థ 1935లో వచ్చింది. టెక్సస్ కొండప్రాంతానికి ఆ తీగలు చేరింది దశకం చివర్లో, జాన్సన్ పట్టుబట్టాక. అంతవరకూ అక్కడి ఆడవాళ్ళు మండువేసవిలో కట్టెపొయ్యి రాజేసి, దాదాపు మూడు కిలోల ఇనుమును ఎత్తీ దించీ, ఎత్తీ దించీ, మంగళవారాలు గడిపారు. పాట్స్ పేటెంటు అప్పటికే అరవయ్యేళ్ళ నాటిది. చల్లటి పిడి దొరికినా పొయ్యి చల్లబడలేదు, బరువు తగ్గలేదు, అడుగున అంటిన మసి తెల్లటి చొక్కాకి అంటకుండా ఉండలేదు. కేరో అధ్యాయానికి ఆ పేరు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఓటు అడగడానికొచ్చిన మనిషి ఏం మార్చగలడో తెలియాలంటే, అతను రాకముందు మంగళవారం ఎలా ఉండేదో చెప్పాలి.

అలాగని పిడిని తీసిపారేయలేం. కరెంటు, కూలి, చట్టం ఇవేవీ తన చేతిలో లేని పందొమ్మిది ఇరవయ్యేళ్ళ పిల్లకి, అరచెయ్యి కాలడం ఒక్కటే తను బాగుచేయగలిగిన విషయం. దాన్ని బాగుచేసింది. ఆ మేరకు, ఆ మేరకే, కొన్ని లక్షల చేతులు కాలకుండా ఉన్నాయి. సౌకర్యాన్ని విముక్తి అనుకోవడం ఒక తప్పు. విముక్తి కానిది దేనికీ పనికిరాదనుకోవడం అంతకంటే చిన్న తప్పేం కాదు.

మిసెస్ పాట్స్ ఇనుములు అమెరికాలో పాత సామాన్ల అంగళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి. కొందరు వాటిని తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టుకుంటారు, కొందరు పుస్తకాలకి ఆనించుకుంటారు. చాలావాటికి పిడి ఉండదు. మూడు ఇనుములకి ఒకటే కాబట్టి లెక్కప్రకారమే మూడింట రెండు మొండివి. పైగా చెక్క పగులుతుంది, పోతుంది, ఇనుము మిగులుతుంది. నున్నటి దిమ్మ, రెండువైపులా మొన, పైన కొక్కెం పట్టుకోవడానికి వదిలిన గాడి. ఇదేమిటో తెలియనివాళ్ళు దాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో తెలియక కాసేపు తడుముకుంటారు.